ఓవెన్ మీద పెట్టిన కేబుల్ ముక్కలు

నేను రిటైరై ఇన్నేళ్ళయినా, ఉప్పల్ బస్సు స్టాపులో ఎదురుపడితే ముఖం తిప్పుకునే పాత సహోద్యోగులు ఇద్దరు ముగ్గురున్నారు. తిప్పుకోనీ. వాళ్ళ మెడలు, వాళ్ళ ఇష్టం. నేను చేసిందేమిటో నాకు తెలుసు. అందులో ఏది తప్పో, ఏది ఒప్పో కూడా తెలుసు. రెండూ ఇక్కడ రాసి పెడుతున్నాను. టెస్టింగు ల్యాబుల్లో కొత్తగా చేరుతున్న పిల్లల కోసం రాస్తున్నాను, మిగతావాళ్ళు చదివినా నాకు అభ్యంతరం లేదు.

ఎనభైల చివరి సంగతి. నాచారం పారిశ్రామికవాడలో కరెంటు కేబుళ్ళు తయారుచేసే ఒక ఫ్యాక్టరీలో నేను ల్యాబ్ టెక్నీషియన్ని. మాది జనగామ వైపు పల్లె. మిషన్ హాస్టల్లో ఉండి చదువుకుని, డిప్లొమా చేతబట్టుకుని పట్నం వచ్చాను. మల్లాపూర్‌లో ఇల్లు అద్దెకు తీసుకుని రోజూ ఫ్యాక్టరీకి నడిచి వెళ్ళేదాన్ని. ల్యాబులో నలుగురం ఆడవాళ్ళం. ఇన్‌చార్జి మానేసి వెళ్ళాక ఆ సీటు నింపలేదు. నలుగురిలో నేనే సీనియర్నని టెస్టు సర్టిఫికెట్ల మీద సంతకం నాతో పెట్టించేవారు. పచ్చ ఇంకుతో పెట్టేదాన్ని. ఆ సంతకం చూసుకుని ఎంత మురిసిపోయేదాన్నో చెబితే మీరు నవ్వుతారు.

నా కథ అర్థం కావాలంటే మీకొక్క విషయం తెలియాలి. కేబుల్ లోపల అల్యూమినియం తీగ ఉంటుంది, దాని చుట్టూ మందపాటి ప్లాస్టిక్ తొడుగు. కరిగిన ప్లాస్టిక్ వేడివేడిగా తీగను కప్పుకుని, నీళ్ళలోంచి సాగుతూ చల్లారుతుంది. ముందు వెచ్చటి నీళ్ళు, తర్వాత చన్నీళ్ళు, అలా మెల్లగా చల్లారిస్తే పేచీ లేదు. తొందరపడి లాగి, ఒక్కసారే చన్నీళ్ళలో ముంచితే పైపొర బిగుసుకుపోతుంది. లోపలిది ఇంకా వేడిగానే ఉంటుంది. అది తర్వాత కుంచించుకుపోదామంటే పైపొర పోనివ్వదు. ఆ పీకులాట తొడుగులోనే ఉండిపోతుంది. పైకి చూస్తే నున్నగా నిగనిగలాడుతుంటుంది. ఎక్కడైనా కోసి, దానికి కాస్త వేడి తగలనిచ్చారనుకోండి, తొడుగు తీగ మీద నుంచి వెనక్కి జరుగుతుంది.

దాన్ని పట్టుకోవడానికి ఒక పరీక్ష ఉంది. డ్రమ్ముకు చుట్టిన కేబుల్లోంచి అడుగు పొడవు ముక్క కోసి, తొడుగు మీద రెండు వందల మిల్లీమీటర్ల దూరంలో రెండు గుర్తులు పెట్టాలి. తీగ లాగేసి తొడుగును ఓవెన్‌లో గంటసేపు ఉంచాలి. చల్లారాక మళ్ళీ కొలిస్తే ఆ దూరం ఎనిమిది మిల్లీమీటర్లకు మించి తగ్గకూడదు. కోసిన అయిదు నిమిషాల్లోపు గుర్తులు పెట్టాలని పుస్తకంలో స్పష్టంగా రాసి ఉంది.

మా ఓవెన్ పాతది. పైన చెయ్యి ఆనిస్తే చురుక్కుమనేది. పొద్దున రాగానే నలుగురి టిఫిన్ డబ్బాలు దాని నెత్తిన పెట్టేవాళ్ళం. మధ్యాహ్నానికి అన్నం, పప్పు అప్పుడే దించినట్టు ఉండేవి. యార్డు నుంచి కేబుల్ ముక్కలు కూడా పొద్దున్నే కోసి తెచ్చేవారు. టేబుల్ మీద జాగా ఉండేది కాదు కాబట్టి వాటినీ డబ్బాల పక్కనే పేర్చేవాళ్ళం. తిని, చేతులు కడుక్కుని, అప్పుడు తీరిగ్గా గుర్తులు పెట్టి లోపల పెట్టేవాళ్ళం. నాకు ముందున్నవాళ్ళు అలాగే చేశారు, నేనూ అలాగే నేర్చుకున్నాను, నా తర్వాత వచ్చిన ముగ్గురికీ అలాగే నేర్పాను. ఆ అయిదు నిమిషాల రూలు ఎవరో పనీపాటా లేని దొర రాసిందనుకునేదాన్ని. మా ఫలితాలు ఎప్పుడూ అయిదు, ఆరు, మహా అయితే ఏడు. ఏళ్ళ తరబడి ఒక్క డ్రమ్మూ ఫెయిల్ కాలేదు. అప్పుడు అనుమానం రావాల్సింది, నాకు గర్వం వచ్చింది.

ఒక శనివారం మధ్యాహ్నం గేటు దగ్గర నా కోసం ఎవరో వచ్చారని వాచ్‌మన్ కబురు పెట్టాడు. వెళ్ళి చూస్తే మా చర్చిలో ఆదివారాలు తబలా కొట్టే అన్న. కరెంటు డిపార్ట్‌మెంటులో కేబుల్ జాయింటరు. భూమిలో వేసిన రెండు కేబుళ్ళ కొసలు కలిపి కట్టే పని ఆయనది. చర్చిలో నలుగురితో కూడా గట్టిగా మాట్లాడని మనిషి. చేతిలో గోనెసంచి ఉంది.

"చెల్లె, జర ఇది సూస్తవా" అని సంచిలోంచి మాడిపోయిన జాయింటు ముక్క తీశాడు. నిలువుగా చీల్చి ఉంది.

"ఏందన్నా ఇది?"

"మల్కాజిగిరి రోడ్డు పొంటి ఏసిన కేబులు. జాయింటు నేనే కట్టిన. ఎండకాలం నడిమిట్ల పేలింది. నన్ను సస్పెండ్ జేసిన్రు."

జాయింటు కట్టాలంటే రెండు తీగల కొసలను ఒక లోహపు గొట్టంలో దూర్చి నొక్కుతారు. ఆ గొట్టానికి ఎంత కావాలో అంతే తొడుగు కోయాలి. ఎక్కువ కోస్తే గొట్టానికీ తొడుగుకూ మధ్య ఖాళీ మిగులుతుంది, ఎప్పుడో ఒకప్పుడు అక్కడే కరెంటు దూకి జాయింటు పేలుతుంది. ఆయన చూపించిన ముక్కలో రెండు పక్కలా వేలెడు వెడల్పున ఖాళీ ఉంది. చేతకాని కోత కోశాడని డిపార్ట్‌మెంటు వాళ్ళు రాసుకున్నారు.

"గింత జాగ నేను ఇడ్వలే చెల్లె. ఇరవై ఏండ్ల సంది కత్తి పడ్తున్న. తొడుగు దానంతల అదే ఎనుకకు పోయింది."

నేను నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ చెంప వాయించుకోవాలనిపిస్తుంది. "ప్లాస్టిక్కుకు కాళ్ళుంటయా అన్నా, నడిచి పోనీకి?" అన్నాను.

ఆయనకు కోపం రాలేదు. "కేబులు మీ ఫ్యాక్టరీదే. నీ పచ్చ సంతకమున్న కాయితం మా ఆఫీసుల సూపెట్టిన్రు. టెస్టుల పాసైన కేబులు గనక తప్పు కట్టినోనిదే అన్నరు. గందుకే నీ దగ్గరికొచ్చిన" అన్నాడు. ఖాళీ గోనెసంచి మడుస్తూ, "కొలువు పోతే ఇంకేదన్న జేస్కుంట. గని పని రాదన్న పేరు పడితే ఎట్ల చెల్లె? నేను కట్టిన జాయింట్లు ఉప్పల్ నుంచి సైనిక్‌పురి దాక భూమిల ఉన్నయి. గవన్నీ అనుమానమే అయితయి" అన్నాడు.

చూస్తానులే అని పంపించేశాను. ముక్క మాత్రం నా దగ్గరే వదిలి వెళ్ళాడు.

సోమవారం మధ్యాహ్నం అన్నం డబ్బా తీసుకుందామని ఓవెన్ దగ్గరికి వెళ్ళాను. పక్కనే పొద్దున తెచ్చిన ముక్కలు. ఒక్కో ముక్క కొసన అల్యూమినియం కాస్త బయటికి తొంగి చూస్తోంది. నేను అది కొన్ని వందలసార్లు చూసి ఉంటాను. యార్డువాళ్ళ రంపం వంకర పోయిందనుకునేదాన్ని. రంపంతో అడ్డంగా కోస్తే తీగా, తొడుగూ ఒకే చోట తెగాలి. తీగ బయటికెలా వస్తుంది? రాదు. తొడుగే వెనక్కి పోయింది. నా టిఫిన్ డబ్బా పక్కన, నా కళ్ళ ముందే, రోజూ పోతూనే ఉంది. అది జరగాల్సినంత జరిగిపోయాక నేను స్కేలు పట్టుకుని బయల్దేరేదాన్ని. ఆ పూట అన్నం తినలేదు.

చెంగు బిగించి యార్డుకు నేనే వెళ్ళాను. మూడు డ్రమ్ముల నుంచి ముక్కలు నా చేత్తో కోసుకుని, పరుగున తెచ్చి, వాచీ చూసుకుంటూ గుర్తులు పెట్టి ఓవెన్‌లో పెట్టాను. పద్నాలుగు, పదమూడు, పదిహేను వచ్చాయి. మూడుసార్లు కొలిచాను. స్కేలు మార్చి కొలిచాను. నా ల్యాబులో ఎనిమిది దాటిన అంకె చూడటం అదే మొదటిసారి.

లైను ఫోర్‌మన్ దగ్గరికి వెళ్ళాను. ఆయన మెదక్ జిల్లావాడు, పాతికేళ్ళుగా మిషన్ల మధ్యే బతికిన మనిషి. నా మూడు అంకెలు విని చేతిలోని పానా పక్కన పెట్టాడు.

"ఎచ్చనీళ్ళ పంపు ఖరాబై మస్తు దినాలాయె. చెప్పిన. గట్లనే నడపమన్నరు. ఆర్డరు ఉన్నదని స్పీడు గూడ పెంచమన్నరు" అన్నాడు.

"రాసి పెట్టినవా అన్నా?"

"షిఫ్టు బుక్కుల రాసిన. గని నన్ను దీంట్లకు గుంజకు చెల్లె. నాకు ముగ్గురు పిల్లలు."

గుంజనని మాటిచ్చాను.

మేనేజరు కృష్ణా జిల్లాకు చెందిన పెద్దమనిషి. ఎప్పుడూ 'అమ్మా' అనే పిలిచేవారు. ఆ పిలుపులో ఎంత చక్కెర ఉందో, ఎంత కత్తి ఉందో ఆ రోజే తెలిసింది. డిపార్ట్‌మెంటు ఇంజనీరు గురువారం వస్తున్నాడు, అదే బ్యాచిలో యార్డులో మిగిలిన డ్రమ్ముల మీద తన ముందే పరీక్ష చేయమంటున్నాడు, అది బాగా వస్తే జాయింటరు ఫైలు మూసేస్తారు. మంగళవారం నన్ను పిలిచి ఆ సంగతి చెప్పి, "చూడమ్మా, ఎప్పుడూ ఎలా చేస్తున్నావో అలాగే చెయ్యి. కొత్త ప్రయోగాలొద్దు" అన్నారు.

"ఎప్పుడూ చేస్తున్నది తప్పు సార్."

"ఎవరి తప్పు?"

"నాదే."

"మరి నీ తప్పుకి ఫ్యాక్టరీ ఎందుకు పోవాలమ్మా?"

"జాయింటరు ఎందుకు పోవాలె సార్?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. గురువారం తర్వాత నా ఇన్‌చార్జి పోస్టు గురించి మాట్లాడదామన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. మూడేళ్ళుగా ఆ సీటు కోసం చూస్తున్నానని ఆయనకు తెలుసు. కావాలని ఆ రోజే తీశారు ఆ మాట. నమస్కారం పెట్టకుండా బయటికి వచ్చేశాను. ఆ ఫ్యాక్టరీలో అలా చేసినదాన్ని నేనొక్కదాన్నే అనుకుంటాను.

నిజం చెప్పాలంటే బుధవారం భయపడ్డాను. ల్యాబులో ముగ్గురూ నా చుట్టూ చేరి, "అక్కా, మనల్ని నలుగుర్నీ ఇంటికి పంపుతరు. ఊకో అక్కా" అన్నారు. ఒకామె ఏడ్చింది. సంతకం నాదే కాబట్టి మీకేం ఫికర్ లేదన్నాను. నాకు మాత్రం మస్తు ఫికర్ ఉంది.

గురువారం పొద్దున నేను వెళ్ళేసరికే, మేనేజరు గారి ఆర్డరు ప్రకారం ముక్కలు కోసి ఓవెన్ మీద పేర్చి ఉన్నాయి. నా కంటే ముందు వచ్చినవాళ్ళు అలవాటు ప్రకారం డబ్బాలూ పెట్టేశారు. పదకొండింటికి ఇంజనీరు వచ్చాడు. నలభై ఏళ్ళుంటాయి, ముభావంగా ఉండే మనిషి. ఆయన వెంట జాయింటరు అన్న. లోపలికి రమ్మని ఎవరూ అనకపోవడంతో గుమ్మం బయటే నిలబడ్డాడు. మేనేజరు, ఫోర్‌మన్ ఓవెన్ పక్కన ఉన్నారు.

"మొదలుపెట్టమ్మా" అన్నారు మేనేజరు.

నేను ఓవెన్ మీది ముక్కలన్నీ తెచ్చి ఇంజనీరు ముందు టేబుల్ మీద పెట్టాను. నాదీ వాళ్ళవీ కలిపి నాలుగు టిఫిన్ డబ్బాలు కూడా తెచ్చి వరసగా పక్కన పెట్టాను. ఆయన డబ్బాలకేసి, నాకేసి చూశాడు.

"సార్, మా ల్యాబుల ముక్కలు పొద్దటి నుంచి మా అన్నంతోని పాటు ఓవెన్ మీద ఎచ్చగయితయి. తిన్నంక కొలుస్తం. ఇన్నేండ్ల సంది గట్లనే కొలిచిన. గందుకే అన్నీ పాసైనయి. ఇయ్యాల గట్ల కొలవను" అన్నాను. ముక్క కొసన బయటికొచ్చిన తీగ చూపించాను. "పుస్తకంల అయిదు నిమిషాలని ఉన్నది. మీరు యార్డుకు రండ్రి. మీ ముందట కోసి, మీ ముందట గుర్తు పెడ్త."

"నువ్వు వెళ్ళి నీ సీట్లో కూర్చో" అన్నారు మేనేజరు.

"నా సీటు ఇదే సార్. కొలిచే దగ్గరనే నా సీటు" అన్నాను.

ఇంజనీరు లేచాడు. ఆయన కదిలితే అందరూ కదలాల్సిందే. యార్డులో రంపం తీసుకుని గుమ్మం దగ్గరి నుంచి మా వెంట వచ్చిన జాయింటరు అన్న చేతిలో పెట్టాను. "నువ్వే కొయ్యి అన్నా" అన్నాను.

"సస్పెన్షన్‌లో ఉన్నవాడు మా సరుకు ముట్టుకోకూడదు" అన్నారు మేనేజరు.

"కోయనివ్వండి" అన్నాడు ఇంజనీరు. ఆ పొద్దంతా ఆయన అన్న మొదటి మాట అదే.

అన్న డ్రమ్ము ముందు గొంతుక్కూర్చుని, కేబుల్ను మోకాలితో అదిమి, చివర నుంచి మూరెడు లోపలికి జరిగి కోశాడు. తొందరపడలేదు, ఆగలేదు. కోత అద్దంలా వచ్చింది. ఇంజనీరు ఆ కొసను బొటనవేలితో తడిమి, చాలాసేపు చేతిలోనే పట్టుకున్నాడు. చేతకాని కోత అని తన ఆఫీసు రాసిన మనిషి కోత అది. అన్న మటుకు తల వంచుకుని రంపం తుడుస్తున్నాడు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ఎవరికీ కనబడకుండా వాచీ చూసుకున్నాను.

నాలుగో నిమిషంలో గుర్తులు పెట్టాను. ఓవెన్ మీద వెచ్చబడ్డ ముక్కల్లో ఒకదానికీ గుర్తులు పెట్టి, రెంటి లోపలి తీగలూ లాగేసి, రెండు తొడుగులనూ ఒకేసారి లోపల పెట్టాను. గంట గడిచేసరికి టేబుల్ మీద మా అన్నాలు చల్లారిపోయాయి.

తీసి, చల్లార్చి, స్కేలు ఇంజనీరుకే ఇచ్చాను. వెచ్చబడ్డ ముక్క ఆరు తగ్గింది. అప్పుడే కోసింది పద్నాలుగు తగ్గింది.

"అంటే ఇంతకుముందు సర్టిఫికెట్లన్నీ..." అన్నాడాయన.

"తప్పు సార్. అన్నిట్ల సంతకం నాదే."

అప్పుడు ఫోర్‌మన్ బయటికి వెళ్ళాడు. వెనక్కి వచ్చినప్పుడు ఆయన చంకలో షిఫ్టు బుక్కు ఉంది. వెచ్చనీళ్ళ పంపు గురించి రాసిన పేజీ తెరిచి ఇంజనీరు ముందు పెట్టాడు. నేను అడగలేదు, పేరెత్తలేదు. ఆ మనిషికి ముగ్గురు పిల్లలున్నారు. ఎందుకు తెచ్చావని తర్వాతెప్పుడో అడిగితే, "ఆడిపిల్లవు, నువ్వొక్కదానివే నిలవడితివి. ఊకెట్లుంట" అన్నాడు. ఆడపిల్లవు అన్నందుకు పోట్లాడదామనుకున్నాను కానీ ఆ ఒక్కసారికి వదిలేశాను.

శుక్రవారం నన్ను ల్యాబు నుంచి తీసేసి డ్రమ్ముల షెడ్డులో వేశారు. చెక్క డ్రమ్ముల మీద స్టెన్సిల్ పెట్టి కేబుల్ సైజు, పొడవు రంగుతో రాసే పని. నా అజాగ్రత్త వల్లే ఇదంతా జరిగిందని ఒక ఉత్తరం రాసిమ్మన్నారు మేనేజరు. రాశాను. నా అజాగ్రత్త నిజమేనని మొదటి వాక్యం. పంపు చెడిందని తెలిసీ లైను నడపమన్నది ఎవరో షిఫ్టు బుక్కులో ఉందని రెండో వాక్యం. రెండోది కొట్టేసి మళ్ళీ రాయమన్నారు. మళ్ళీ రెండు వాక్యాలతోనే రాశాను. నాలుగోసారి ఆయనే విసిగి వదిలేశారు.

డిపార్ట్‌మెంటు ఆ బ్యాచి డ్రమ్ములన్నీ తిప్పి పంపింది. ఆ ఏడు ఆర్డర్లు తగ్గాయి, కొందరు కాజువల్ వర్కర్లను మాన్పించారు. ఉప్పల్‌లో ముఖం తిప్పుకునేది వాళ్ళలోనివాళ్ళే. వాళ్ళ కడుపు మండటంలో న్యాయముంది, నేను కాదనను. అయినా మళ్ళీ ఆ గురువారం వస్తే మళ్ళీ అదే చేస్తాను.

నెల తిరిగేసరికి జాయింటరు అన్నకు ఆర్డరు వచ్చింది. చర్చి అయ్యాక మెట్ల మీద కూర్చుని నా చేతికిచ్చాడు. సాక్ష్యం చాలనందున సస్పెన్షన్ ఎత్తివేసి తిరిగి విధుల్లోకి తీసుకుంటున్నామని ఉంది. కేబుల్ మాట ఎక్కడా లేదు.

"సంతోషమే కద అన్నా. పోయి చేరు" అన్నాను. ఆయన ఇంటి పరిస్థితి నాకు తెలుసు.

"చేర" అన్నాడు.

చేరననడం సరిగ్గానే విన్నానా అని ఆయన ముఖంలోకి చూశాను.

"సాక్ష్యం లేక ఇడిసిపెట్టిన్రట. అంటే తప్పు జేసిండు గని దొరకలేదన్నట్టు. జాయింటు మంచిగనే కట్టిండని రాసియ్యమను. అప్పుడు సామాన్ల సంచి పట్కపోత."

మర్నాడు సెలవు పెట్టి ఆయనతో పాటు ఉప్పల్‌లోని ఆఫీసుకు వెళ్ళాను. ఆయన ఆర్డరును ఇంజనీరు టేబుల్ మీద పెట్టి, తను చెప్పాల్సింది నిలబడే చెప్పాడు. చర్చిలో నలుగురి ముందు నోరు విప్పని మనిషి, ఆ ఆఫీసులో గుమాస్తాలంతా తలలెత్తి చూసేలా మాట్లాడాడు. ఇంజనీరు ఇబ్బందిగా కదిలాడు. "అలా రాయాలంటే కారణం రాయాలి. కారణం రాస్తే తప్పు ఎవరిదో రాయాలి. ఈవిడ పేరు ఎక్కుతుంది. ఎక్కడా ల్యాబు ఉద్యోగం దొరకదు మరి" అన్నాడు, నాకేసి చూస్తూ.

అన్న నావైపు తిరిగాడు. ఆయన నోరు తెరిచేలోపే నేను మాట్లాడాను. ఆయన తెరిస్తే ఏమంటాడో నాకు తెలుసు.

"రాయండి సార్. స్పెల్లింగు నేను చెప్తా" అన్నాను.

మూడు వారాలు తిప్పించుకున్నారు. అన్ని రోజులూ ఆయన డ్యూటీలో చేరలేదు. ఒక పెళ్ళి బ్యాండులో డోలు కొట్టి ఇల్లు నడుపుకున్నాడు. ఆఖరికి వచ్చింది కొత్త ఆర్డరు. తొడుగు కుంచించుకుపోవడం వల్ల జాయింటు విఫలమైందని, జాయింటరు పనిలో ఏ లోపమూ లేదని, ల్యాబ్ టెక్నీషియన్ పరీక్ష తప్పుగా చేసి సర్టిఫికెట్ ఇచ్చిందని ఉంది. కింద నా పూర్తి పేరు ఉంది.

ఆయన ఒరిజినల్ తీసుకుని ఆ మధ్యాహ్నమే డ్యూటీలో చేరాడు. నేను జిరాక్సు తీయించుకుని, ఫ్రేము కట్టించి ఇంట్లో గోడకు తగిలించుకున్నాను. వచ్చినవాళ్ళు అవార్డు అనుకుని దగ్గరికి వెళ్ళి చదువుతారు. కింద నా పేరు చూసి నావైపు తిరుగుతారు. జాయింటరు పనిలో ఏ లోపమూ లేదన్న వాక్యం మళ్ళీ చదవమంటాను.